పిన్ని బావిలో ఆర్సెనిక్ వెతకబోయిన రోజు

రొమ్ము కేన్సర్ వైద్యం ముగిసి రెండేళ్ళయినా "నాకే ఎందుకొచ్చింది?" అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. మా ఇంట్లో ఇంతకుముందు ఎవరికీ లేదు. తాగే నీళ్ళలో ఆర్సెనిక్ ఉండి, ఏళ్ళ తరబడి ఒంట్లో చేరితే కొన్ని రకాల కేన్సర్లు వస్తాయని చదివాను. మరి రొమ్ము కేన్సర్? మా డాక్టరమ్మను అడిగితే, "అనుమానమైతే ఉంది, ఇంకా తేలలేదు. మీకు అందువల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరు" అంది. అంతటితో ఊరుకునే రకాన్ని కాను. పదేళ్ళొచ్చేదాకా నేను పెరిగింది కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, నరసమ్మ పిన్ని ఇంట్లో, వాళ్ళ కొబ్బరితోట బావి నీళ్ళు తాగి. నీటి పరీక్షల ల్యాబులో ఇచ్చిన రెండు సీసాలు సంచిలో వేసుకుని ఏప్రిల్‌లో ఒక శనివారం బయల్దేరాను.

విశాఖలో పొద్దున్నే పలాస ప్యాసింజరు ఎక్కితే సుమారు నాలుగు గంటలు. టికెట్టు వంద లోపే. తొందరున్నవాళ్ళు ఎక్స్‌ప్రెస్ చూసుకోవచ్చు గాని, నౌపడ ఉప్పుమళ్ళు తీరిగ్గా చూడాలంటే ప్యాసింజరే నయం. పదిన్నరకి పలాసలో దిగాను. ఊరంతా కాల్చిన జీడిపిక్కల వాసన. స్టేషను బయట నాలుగొందలకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు నా సంచి వైపు చూసి నవ్వాడు.

"కిడ్నీ నీల్లకేనా అక్కా? ఇలాగ సీసాలట్టుకుని శానామందొచ్చారు. నీల్లట్టుకెల్తారు, ఏటి తేలిందో సెప్పడానికి మాత్రం ఒక్కరూ మల్లీ రారు."

"నేనొస్తాను" అన్నాను రోషంగా.

"సూద్దాం" అన్నాడు, అతని తప్పేమీ లేదు.

పిన్ని తోటలో జీడిమామిడి కోత జోరుగా ఉంది. ల్యాబు వాళ్ళు చెప్పినట్టు మోటారు వేసి ఐదు నిమిషాలు నీళ్ళు వదిలేసి సీసాలు నింపాను. "మరగబెట్టే తాగుతన్నాం కదే, ఇంకేటి బయం?" అంది పిన్ని. మరిగిస్తే క్రిములు చస్తాయి గాని ఆర్సెనిక్ పోదని చెబితే, నన్ను చిన్నప్పటిలాగే వింతగా చూసింది.

మధ్యాహ్నం పచ్చి జీడిపప్పు కూరతో అన్నం పెడుతూ అడిగింది, "నీకు ముందు ఎలాగ తెలిసిందే?"

"చంక దగ్గర చిన్న గడ్డ. నొప్పి కూడా లేదు."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "నొప్పి నేదేటి?"

"లేదు పిన్నీ."

లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ముందు పెట్టింది. నిండా రక్తపరీక్ష కాగితాలు. "నాకూ ఉందే గడ్డ. దసరా ముందునుంచీ. మూన్నెల్లకోపాలి రత్తం సూపించుకుంటన్నాను. క్రియాటినిన్ బాగానే ఉంది. మరింక నాకేటి జబ్బనుకున్నాను."

బాబాయి పోయింది కిడ్నీ జబ్బుతోనే. ఈ ఊళ్ళలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె అడగడం బాగున్నావా అని పలకరించినంత మామూలు. అది బాగుంటే మనిషి బాగున్నట్టే. రక్తం తీసిన నర్సు కిడ్నీల గురించే అడిగింది, పిన్ని దానికే జవాబు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. ఆపరేషనైన రెండేళ్ళలో ఎన్నిసార్లు ఫోన్‌లో మాట్లాడాను! "నీకేమైనా ఉందా పిన్నీ?" అని ఒక్కసారీ అడగలేదు.

"ఈరోజే నాతో విశాఖ రావాలి" అన్నాను.

"పిక్కలు రాలిపోతన్నాయి. ఎవులేరతారే?"

"రాలనీ!" గట్టిగా అరిచాను. ఆమె నా తల వైపు చూస్తూ మెల్లగా అడిగింది, "జుట్టు మల్లీ వచ్చేత్తాదేటి?" నేను ఆమె చేయి తీసుకుని నా తలమీద పెట్టాను. వేళ్ళతో వెనకదాకా నిమిరి చూసుకుంది. తర్వాత లేచి రెండు చీరలు మడతపెట్టింది.

పది రోజులకి నీటి రిపోర్టు వచ్చింది. ఆర్సెనిక్ పరిమితి లోపే. ఆ కాగితంతో మళ్ళీ వెళ్ళి ఊళ్ళో చెప్పొచ్చాను. అది ఈనాటి ఒక్క బావి మాటే. నా చిన్నప్పటి నీళ్ళ సంగతీ, పక్క తోటల సంగతీ దానికి తెలియవు. పరీక్షలు జరగాల్సిందే. కాని విశాఖలో పరీక్ష చేయిస్తే, పిన్ని గడ్డ మాత్రం కేన్సరే. నయం చేయగల దశలోనే పట్టుకున్నామన్నారు, వైద్యం మొదలైంది. నా జబ్బుకి కారణం నాకింకా తెలియదు. ఇప్పుడు మునుపటంత పట్టుదలగా వెతకడమూ లేదు.

మీరూ సీసాలు పట్టుకుని ఇటు వస్తుంటే ఒక్క మాట. తిరుగు ప్రయాణానికి ముందే రిజర్వేషన్ చేయించుకోకండి. పలాస కౌంటర్లో జనరల్ టికెట్టు అప్పటికప్పుడు దొరుకుతుంది. ఒకటి తీసుకోవాలో రెండు తీసుకోవాలో, ఇంట్లో ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడాక గాని తెలియదు.