మే నెలలో మూసుకోని మెంబ్రేన్

1997 వేసవి. సికింద్రాబాద్‌లో ఒక చిన్న పరిశోధనశాలలో పనిచేసేదాన్ని. చిలకలగూడ నుంచి నడిచి వెళ్లేసరికి చీర వీపుకి అతుక్కుపోయేది. ఏసీ ఖరీదైన యంత్రాల గదికే. మాకు సీలింగ్ ఫ్యాను, మూలన మంచినీళ్ల మట్టి రంజన్. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

మెంబ్రేన్ అంటే కంటికి కనపడని రంధ్రాలున్న పల్చటి పొర, నీళ్లను వడగడుతుంది. దాని మీద పాలిమర్ పోగులు అతికించి పెంచడమే గ్రాఫ్టింగ్, మామిడికి అంటు కట్టినట్టు. మేం వాడిన పాలిమర్‌కి ఒక గుణం ఉంది. చల్లటి నీళ్లలో పోగులు ఉబ్బి రంధ్రాలు మూసేస్తాయి. నీళ్లు ముప్పై రెండు డిగ్రీలు దాటితే ముడుచుకుని దారిస్తాయి.

నా దగ్గర రీసెర్చ్ చేస్తున్న సుజాత మౌలాలి రైల్వే క్వార్టర్స్ పిల్ల. చలికాలంలో ఆమె చేసిన మెంబ్రేన్ చెప్పినట్టు విన్నది. తీరా ఫెలోషిప్ పొడిగించాలా వద్దా తేల్చడానికి నిపుణుడు వచ్చే వారంలో మొండికేసింది. వేడి చేయకముందే నీళ్లు ధారగా కారిపోతున్నాయి. పాలిమర్ అతుక్కోలేదేమోనని మళ్లీ చేశాం. అదే తంతు.

"సోమారం ఆయనకు ఏం చూపెట్టాలె మేడం? మా నాయన బడిల టీచర్ నౌకరి మాట్లాడి పెట్టిండు. ఈ ఫెలోషిప్ ఆగితే జూన్ల అండ్ల చేరుడే," అంది సుజాత. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ముందు మంచినీళ్లు తాగమ్మా, తర్వాత ఏడుద్దాం," అన్నాను.

పంపు తిప్పి మొహం కడుక్కోబోయి చేయి వెనక్కి తీసుకుంది. రంజన్‌లో గ్లాసు ముంచి, సగం తాగి ఆగిపోయింది.

"మేడం, నల్లా నీళ్లు గింత కాలుతున్నయి. మన డిస్టిల్డ్ వాటర్ సుత గిట్లనే ఉంటది గదా?"

డిస్టిల్డ్ వాటర్‌లో థర్మామీటర్ పెట్టి చూస్తే ముప్పై ఏడు. మేం అనుసరించే పద్ధతిలో 'గది ఉష్ణోగ్రత వద్ద మొదలుపెట్టాలి' అని ఉంది. అది రాసినవాళ్లది చలిదేశం. మా గదిలో పోగులు ముందే ముడుచుకుని కూర్చున్నాయి.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం కదే," అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

సోమవారం డిస్టిల్డ్ వాటర్ సీసాను సుజాత పొద్దున్నే రంజన్‌లో దించింది. నిపుణుడి ముందు ఆ చల్లటి నీళ్లు పోస్తే ధార సన్నబడి, చుక్కలై, ఆగింది. వేడి చేయగానే మళ్లీ మొదలైంది.

"చల్లబరచడానికి ఏం వాడారు?" అని అడిగారాయన.

"రంజన్ సార్. మేం తాగేదే," అంది సుజాత.

ఆయన నవ్వలేదు. ఒక గ్లాసు నీళ్లు అడిగి తాగి, పొడిగింపు మీద సంతకం పెట్టారు.

సుజాత జూన్‌లో బడికి వెళ్లలేదు. తర్వాత తన థీసిస్‌లో 'మట్టి రంజన్‌లో చల్లబరిచిన నీరు' అని రాసింది. తీసేయమని ఎందరు చెప్పినా వినలేదు.

ఇప్పుడు ల్యాబ్‌లన్నీ ఏసీలే, రంజన్లు లేవు. అయినా ఏ పద్ధతిలోనైనా 'గది ఉష్ణోగ్రత' అని కనిపిస్తే, ఎవరి గదని అడగకుండా ముందుకు పోను.