అమ్మొచ్చిందండీ

మశూచి దాదాపు పోయింది, ఎక్కడైనా మిగిలి ఉందేమోనని ఊరూరా వెతుకుతున్నారు. అలాంటి డెబ్భైల్లో నేను భవానీపురంలో ఒక చిన్న ఆస్పత్రికి కొత్త డాక్టర్ని. జ్వరంతో పాటు ఒంటి మీద పొక్కులున్న వాళ్ళు ఓపీకి వస్తే వరండాలో జనం మధ్య కూర్చోబెట్టకూడదు. పక్కగదిలో విడిగా ఉంచి పెద్ద డాక్టరుగారికి కబురు పెట్టాలి. మశూచిని నేను పుస్తకంలో తప్ప చూసి ఎరగను. అయినా నా చేతికి చిక్కకుండా ఎక్కడికి పోతుందిలే అని రోజూ కాచుకుని కూర్చునేదాన్ని.

మాది పటమటలో క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో మశూచిని మశూచి అనే అనేవాళ్ళం. బయట చాలామంది ఆ పేరెత్తరనీ, అమ్మవారు వచ్చిందనో, అమ్మ వచ్చిందనో అంటారనీ ఉద్యోగంలో చేరాకే తెలిసింది. కొత్తగా నేర్చుకున్నదాన్ని కదా, అవసరమైన దానికంటే ఎక్కువే నేర్చుకున్నాను.

ఒకరోజు పొద్దున ఒకామె ఏడాది నిండని ఆడపిల్లను భుజాన వేసుకుని వచ్చింది. పాప ఒళ్ళు కాలిపోతోంది. మెడ మీద నీటి పొక్కులు. జ్వరమొచ్చి మూడు రోజులైందని చెప్పింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదమ్మా?"

"అమ్మొచ్చిందండీ. అందుకని ఆగిపోయాను."

గబుక్కున కాగితం, కలం అందుకున్నాను. "ఎప్పుడొచ్చింది?"

"మొన్న పొద్దుటి బస్సులోనండీ. అవనిగడ్డ బస్సు."

బస్సులో అంటుకుందన్నమాట! ఇక ఆ బస్సెక్కిన వాళ్ళందరినీ నేనే వెతికి పట్టుకుంటున్నట్టు ఊహించేసుకున్నాను. తల్లీబిడ్డల్ని పక్కగదిలోకి నడిపించి, వరండాలో ఉన్న కాంపౌండరుగారికి వినపడేలా అరిచాను.

"తలుపేసి గొళ్ళెం పెట్టి, పెద్ద డాక్టరుగారికి కబురు పంపండి! పెద్ద డాక్టరుగారు వచ్చేదాకా ఎవరు కొట్టినా తియ్యొద్దు!"

ఆయన వెంటనే తలుపేసి గొళ్ళెం పెట్టారు. నేనింకా లోపలే ఉన్నాను.

తలుపు తట్టాను. "కాంపౌండరుగారూ, నేనండీ."

"తెలుసండీ. ఎవరు కొట్టినా తియ్యొద్దన్నారు కదండీ."

"నేను డాక్టర్నండీ!"

"ఆ మాట చెప్పింది కూడా డాక్టరుగారేనండీ."

ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం చేస్తాను, వచ్చి బల్ల మీద కూర్చున్నాను. ఆమె పాపను గుండెకు హత్తుకుని మూలకు జరిగింది.

"పిల్లని తీసుకుపోతారాండీ?"

"అదే అయితే అంటురోగాల ఆస్పత్రికి పంపాలమ్మా."

"నన్ను కూడా రానిస్తారాండీ?"

"తెలియదమ్మా" అన్నాను. నిజంగానే నాకు తెలియదు. ఆమె పమిట కప్పి పాపకు పాలు పట్టడం మొదలుపెట్టింది. ఆ పాపను ఈమె చేతుల్లోంచి ఎవరు తీస్తారు, నేనేనా అనుకునేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. నా అనుమానం తప్పు కావాలని అప్పుడు మొదటిసారి దేవుణ్ణి వేడుకున్నాను.

ఊరుకోలేక అడిగాను. "ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా?"

"ఏంటండీ?"

"అదే, అమ్మవారు."

ఆమె నన్ను వింతగా చూసింది. "అమ్మవారు కాదండీ, మా అమ్మండీ. పిల్లకి మందులు పోయించొద్దని గుమ్మంలో కూర్చుంది. ఇయ్యాల గుడికెళ్తే ఇటొచ్చేశాను."

మొహం దాచుకోవడానికి ఆ గదిలో బల్ల కింద తప్ప చోటు లేదు. అదీ ఇరుకు. బస్సులో ఏదీ అంటుకోకపోయినా పాప ఒంటి మీద పొక్కులు మాత్రం ఉన్నాయి. ఎదురుచూడక తప్పలేదు.

మధ్యాహ్నానికి పెద్ద డాక్టరుగారు వచ్చారు. పాప వీపు చూశారు, అరచేతులు తిప్పి చూశారు, అరికాళ్ళు చూశారు.

"మశూచి కాదు, ఆటలమ్మ. కొద్దిరోజుల్లో మాడిపోతాయి" అని నా వైపు తిరిగారు. "మీరేమిటి లోపల?"

"జాగ్రత్త కోసమండీ" అన్నాను. గుమ్మంలో కాంపౌండరుగారు దగ్గారు.

ఆమె పాపను భుజానికెత్తుకుని గడప దాకా వెళ్ళి ఆగింది.

"డాక్టరమ్మగారూ, మీరు తలుపు కొడితే వాళ్ళు తియ్యలేదు చూశారా, అప్పుడు నాకు ప్రాణం కుదుటపడిందండీ. మిమ్మల్నే బయటికి పోనివ్వట్లేదు, ఇక నా పిల్లని ఎక్కడికి తీసుకుపోతార్లే అనుకున్నాను."