నలభై గొర్లకు సరిపోయే జాగా

కొత్త రాష్ట్రం వచ్చిన ఆ రోజుల్లో మా చౌటుప్పల్ చుట్టుపక్కల నేల ఒక్క తీరుగా ఉండేది కాదు. నిన్న జొన్నచేనుగా చూసింది ఇవాళ హద్దురాళ్లు పాతిన ప్లాటుగా కనిపించేది. అలాంటి ఒక ప్లాటులో మేమూ ఇల్లు కట్టుకున్నాం. నేను బడి నుంచి రిటైరై ఏడాది కాలేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషికి ఏ లెక్కా చేయనక్కరలేని పొద్దులు ఒక్కసారిగా వచ్చిపడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అందరికీ పడుచుతనం ఇరవైలో వస్తుంది. తోటపనిలో నాకు యాభై తొమ్మిదిలో వచ్చింది. ఆ వయసులో చేయాల్సిన తెలివితక్కువ పనులన్నీ అప్పుడే చేశాను.

ఇంటి ముందున్న జాగా ముప్పై అడుగుల పొడవు, ఇరవై నాలుగు అడుగుల వెడల్పు (టేపు పట్టి రెండుసార్లు కొలిచాను; అరంగుళం తేడా వస్తే మూడోసారీ కొలిచాను). అంతా ఇసుక దుబ్బ. బకెట్ నీళ్లు గుమ్మరిస్తే, ఖాళీ బకెట్ కింద పెట్టేలోగా ఆ నేల ఏమీ ఎరగనట్టు పొడిగా చూసేది. "గీ దుబ్బల ఏం మొలుస్తదే? సిమెంటు పోపిద్దాం. బండి పెట్టుకోవచ్చు, వడియాలు ఎండవోసుకోవచ్చు" అని మా ఆయన మేస్త్రీతో మాట్లాడి కూడా వచ్చారు. నేనేమో మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని, కళ్లు సగం మూసి, ఆ దుబ్బలోనే చిక్కుడు పందిరి, దాని కింద నీడ, నీడలో ఎర్రబడుతున్న టమాటాలు చూసుకునేదాన్ని. ఆ సిమెంటు పడితే ఆ కలకు కూర్చునే చోటు కూడా ఉండదు. చివరికి ఒప్పందం కుదిరింది. "దసరా నాటికి పచ్చగుంటే జాగా నీది. లేకుంటే మేస్త్రీది" అన్నారాయన.

మక్తల్ దగ్గర మా ఊళ్లో, నా చిన్నప్పుడు, మా నాయిన ఎండాకాలంలో చేనులో మంద ఆపించేవాడు. రాత్రిపూట గొర్లు చేనులోనే పడుకుంటే వాటి పెంట, మూత్రం నేలకు బలం. అది గుర్తొచ్చి, హైవే పక్కన గొర్లు తోలుకుపోయే గొంగడి మామను ఆపాను (మే నెల ఎండలోనూ భుజం మీద గొంగడి దించని మనిషి, అందుకే మా కాలనీలో ఆ పేరు).

"నీ దగ్గర ఎన్ని గొర్లున్నయి మామా?"

"నూటయాభై దాక ఉంటయి టీచరమ్మా."

"నాకు నలభై చాలు. ఒక్కోదానికి పద్దెనిమిది చదరపు అడుగులు లెక్కేసిన."

మామ నోట్లోని చుట్ట తీసి నన్ను పరీక్షగా చూశాడు. "గొర్లేమన్న బడిపిల్లలానమ్మా, సెక్షన్లు చేసి కూసోవెట్టనీకి? మందంటే మందనే. ఒకటి ఏడికివోతే అన్ని ఆడికే."

"నలభై లోపటికి రాంగనే నేను గేటు ఏస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

"నీ ఇష్టం. మంద ఆపినందుకు ఇచ్చే బియ్యంతోని పాటు చాయ్ కూడ పొయ్యాలె మరి" అన్నాడు మామ, మీసాల్లో నవ్వుకుంటూ.

పొద్దుగూకే వేళ మంద వచ్చింది. నేను గేటు దగ్గర నిలబడి, హాజరు పిలిచినట్టు వేలు చూపిస్తూ లెక్కపెడుతున్నాను. ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది... అంతే. తరువాత అంకెలు లేవు, ఉన్ని ఉంది. గేటు నా చేతిలోంచి జారిపోయింది. గొర్లు జాగా నింపాయి, మెట్లు నింపాయి, పొంగి ఎదురింటిదాకా పారాయి. వరండాలో పేపరు చదువుతున్న మా ఆయన రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుని "ఏమే, నలభై అన్నవు గదనే!" అని కేకేశారు.

"మిగిలింది శేషం!" అన్నాను. ఇంకేమనాలో తోచలేదు.

ఎదురింటి వదిన చీపురుతో బయటికి వచ్చింది. "ఏంది వదినా గిది? అంగడి వెట్టినవా? అయ్యో, నా గులాబీలు! కుండీలతోని సహా మింగుతున్నయి!" ఆమె మాట పూర్తయ్యేలోగా గులాబీలూ పూర్తయ్యాయి. ఆ రోజు నుంచి వదిన నాతో మాటలు మానేసింది.

కానీ చీకటి చిక్కబడే కొద్దీ ఆ గోల దానంతటదే అణిగిపోయింది. గొర్లు ఒక్కొక్కటే మోకాళ్లు మడిచి దుబ్బలో కూలబడ్డాయి. నెమరు చప్పుడు, ఎక్కడో ఒక మెడలో గంట, హైవే మీద లారీల మోత దూరంగా, మెత్తగా. వెచ్చని ఉన్ని వాసన వచ్చింది. నా చిన్ననాటి చేను నడుచుకుంటూ నా గేటుదాకా వచ్చి పడుకున్నట్టనిపించింది. ఒక పిల్ల గొర్రె నా పాదం మీద గదుమ ఆనించి నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా నేను కదపలేదు.

తొలకరికి తాడు పట్టి, గీత తప్పకుండా టమాటా, వంగ, బెండ పెట్టాను. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. పచ్చి ఎరువు వేడికి నా వరుసలు వరుసగానే మాడిపోయాయి. వాటి సందుల్లోంచి మాత్రం, గొర్ల కడుపుల్లోనో ఉన్నిలోనో దాక్కుని వచ్చిన గింజలు కాబోలు, గునుగు మొక్కలు తోసుకొచ్చాయి. చేలల్లో పిలవకుండా మొలిచే మొక్క అది. ఇంకెప్పుడైనా అయితే కూకటివేళ్లతో పీకేసేదాన్ని. కానీ పీకితే మిగిలేది దుబ్బ, దుబ్బ వెనకే మేస్త్రీ. ఆకుపచ్చగా ఉన్నదేదైనా నా పక్షమే అనుకుని నీళ్లు పోశాను. అది కూరగాయేనని నిరూపించడానికి లేత ఆకు పప్పులో వేసి వండాను కూడా. మా ఆయన మారు వడ్డించుకుని తిని, మూతి తుడుచుకుని "పప్పు మంచిగున్నది. తోటనే కనవడ్తలేదు" అన్నారు.

భాద్రపదం చివర కంకులు వేశాయి. తెల్లగా, కొసన లేత గులాబీ రంగుతో. మధ్యాహ్నం గాలికి అవన్నీ ఒక్క పక్కకు ఒరిగి లేస్తుంటే, మంద తిరిగొచ్చి నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుండేది. నేను వరండాలో కూర్చుని, చిక్కుడు పందిరి సంగతే మరిచిపోయి, చూస్తూ ఉండిపోయేదాన్ని.

బతుకమ్మ దగ్గరపడిన ఒక పొద్దున గేటు దగ్గర ఎదురింటి వదిన నిలబడింది. చేతిలో ఈసారి చీపురు లేదు, తాంబాళం ఉంది.

"వదినా... గా గునుగు నీదేనా?"

"నాదే."

"మా ఇంటాయన నార్కట్‌పల్లి దాక తిరిగొచ్చిండు. ఏడ జూసినా ప్లాట్లేనాయె, పిడికెడు గునుగు దొరకలే. పువ్వు లేనిది బతుకమ్మను ఏం పెట్టి పేర్చాలె?"

"నీ గులాబీల బాకీ ఉన్నది గద, కోసుకో" అన్నాను. ఆమె కంటే ముందు నేనే నవ్వాను.

సద్దుల బతుకమ్మ నాటికి కాలనీ ఆడవాళ్లంతా మా దుబ్బలోనే ఉన్నారు. మా ఆయన మధ్యలో కుర్చీ వేసుకుని "కింది చిన్న కంకులు ముట్టకుండ్రమ్మా, జర పైనుంచే కొయ్యుండ్రి" అంటూ, ఏడాది పొడుగునా తానే సాగు చేసినంత పెద్దరికం చేశారు. సాయంత్రం బతుకమ్మలన్నీ మా గేటు ముందే దించారు.

దసరా మరునాడు మేస్త్రీ వచ్చాడు. మా ఆయన అతన్ని లోపలికి కూడా పిలవలేదు. "ఇప్పుడు గాదు తియ్. వచ్చే ఏడు గీ ఆడోళ్లకు జవాబు ఎవరు చెప్తరు?" అని పంపేశారు. గెలిచిన ఉత్సాహంలో నేను పార తీసుకుని, ఆ మోడు కాడలన్నీ పీకి యాసంగి పంటకు కొత్త వరుసలు గీద్దామని దిగబోయాను.

"ఉండనియ్యే. గింజ రాలనీ" అన్నారాయన.

పారను గోడకు ఆనించి ఆయన పక్కన కూర్చున్నాను. ఇప్పుడు డెబ్బైకి దగ్గరపడ్డ నాకు, యాభై తొమ్మిదేళ్ల ఆ పడుచుపిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత తొందర ఆమెకు! ఒక్కోసారి, పొద్దు వాలే వేళ, ఆ తొందర ఒక్క పూటకైనా మళ్లీ వస్తే బాగుండుననిపిస్తుంది.