నేను డిలీట్ చేయించిన పేజీలు

కరోనా తర్వాత కళాశాలలు మళ్లీ తెరుచుకున్న ఏడాది బాన్సువాడలోని ఒక డిగ్రీ కళాశాలకు గ్రంథపాలకుడిగా బదిలీ అయ్యాను. ఉద్యోగంలో అదే నా చివరి ఊరు.

చేరిన వారానికే ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణం యజమాని వచ్చి, కొత్తగా వచ్చిన వృక్షశాస్త్రం పాఠ్యపుస్తకం అడిగాడు. "ఒక్కపూట ఇయ్యుండ్రి సార్, ముప్పై సెట్లు కొట్టి బైండింగ్ జేసి అమ్ముకుంట" అన్నాడు. అది చౌర్యమని చెప్పి పంపేశాను. ఆ రోజు నుంచి నకలు అనే మాట వింటేనే నాకు అనుమానం.

ఆ అనుమానం రుక్మిణి మీద పడింది. ఆమె మద్నూర్ నుంచి వచ్చే బీఏ చివరి సంవత్సరం విద్యార్థిని. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. సరిహద్దు ఊళ్ల తెలుగులో కలిసిన మరాఠీ మాటల మీద, రాష్ట్రస్థాయి పోటీ కోసం ప్రాజెక్టు రాస్తోంది. ఆ విషయంపై మా దగ్గర ఒకే ఒక్క పాత పుస్తకం ఉండేది. రిఫరెన్స్ విభాగానిది కనుక ఇంటికి ఇవ్వం. ఒకరోజు ఆమె దానిలోని పేజీలను ఫోన్‌తో ఫోటో తీస్తుంటే చూశాను.

"బయట యాడ దొర్కుతలేదు సార్. బస్సుకు టైమైతుంది, కూసొని రాసుకునుడు కాదు. పది పేజీలు తీసుకుంటే ఏమైతది?" అంది.

కాపీరైటు చట్టం ఒప్పుకోదన్నాను. చదువుకుంటున్న అందరి ముందూ ఆ ఫోటోలన్నీ డిలీట్ చేయించాను. మర్నాటి నుంచి ఆమె గ్రంథాలయానికి రాలేదు.

మూడు వారాలు గడిచాక తెలుగు అధ్యాపకురాలు వచ్చి, "ఏ సెక్షన్ ప్రకారం వద్దన్నారు సార్?" అని మెల్లగా అడిగారు. చట్టం ప్రతి మా బీరువాలోనే ఉంది. తీసి చదివాను. సొంత చదువుకో, పరిశోధనకో సముచితమైన మేరకు నకలు తీసుకోవడం ఉల్లంఘన కాదు. అంతేకాదు, దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకమైతే, లాభాపేక్ష లేని గ్రంథాలయం తన వాడకం కోసం మూడు ప్రతుల వరకు చేయించుకోవచ్చు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ సెక్షన్ నేను ఒక్కసారీ పూర్తిగా చదవలేదు.

ఆ పాత పుస్తకం ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తే తిరిగి వచ్చింది, సంస్థ మూతపడింది. హైదరాబాద్ పుస్తక విక్రేతలు లేదన్నారు. ఆ జవాబులన్నీ ఫైలులో పెట్టి, ప్రిన్సిపాల్ అనుమతితో మూడు ప్రతులు చేయించాను. వాటిలో రెండు ఇంటికి ఇచ్చే విభాగంలో చేర్చి రుక్మిణికి కబురు పెట్టాను.

ఆమె వచ్చింది. "గడువు ఎప్పుడో అయిపోయింది సార్. ఉన్నదాంతోనే ఇచ్చిన. ఎనుకటి పుస్తకాలు చూడలేదని జిల్లాలనే ఆపిండ్రు" అంది.

ఆమెను ఏ గదిలో మందలించానో ఆ గదిలోనే, విద్యార్థులందరూ ఉండగా, తప్పు నాదని చెప్పాను. ఆమె, "గీ ముచ్చట గప్పుడే చదివి చెప్పుంటే బాగుండు సార్" అంది. రిజిస్టర్‌లో సంతకం చేసి పుస్తకం తీసుకెళ్లింది. పీజీ ప్రవేశానికి చదువుకుంటున్నానని తర్వాత అధ్యాపకురాలితో చెప్పిందట. నాతో మాత్రం అవసరానికి మించి మాట్లాడలేదు.

జిరాక్స్ యజమాని మళ్లీ అడిగితే మళ్లీ కాదనే అన్నాను. ఆ మాటలో తప్పు లేదు. కానీ అమ్ముకునేవాడికీ చదువుకునేవాళ్లకీ ఒకే జవాబు ఇవ్వడం తప్పు. ఇచ్చినందుకు గ్రంథపాలకుణ్ణి సంజాయిషీ అడుగుతారు, ఇవ్వనందుకు ఎవరూ అడగరు. అందుకే, కాదనే ముందు కారణం చూపగలనా అని నన్ను నేనే ప్రశ్నించుకోవాలని తెలుసుకున్నాను.