నది దాటిన రెండు పుట్లు

ఆ రోజుల్లో నాకు గవర్నమెంటు ఫారమంటే భక్తి. దాంట్లో గడి ఉందంటే, అందులో రాయాల్సినదేదో ఈ భూమ్మీద ఉండే తీరుతుందని నమ్మేవాణ్ని. ఆదోనిలో లెక్కలు సేకరించే తాత్కాలిక ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా బల్లమీదికి 'అంతర్గత జలమార్గాల్లో సరుకు, ప్రయాణికుల రవాణా' అనే ఫారం వచ్చింది. మా పెద్ద గుమాస్తా (కనిపించిన గడిలోనల్లా సున్నా పెడతాడని చాటుగా సున్నా సార్ అనేవాళ్లం) ఆఫీసంతా వినేట్టు నవ్వాడు. "మనం బిందె నీళ్లకు ట్యాంకరు ఎనక పరిగెత్తుతాంటే, ఈ ఫారమోళ్లకు పడవలు కావాలంట! సున్నా పెట్టి పంపప్పా." ఆ రోజు ఎవరెవరు నవ్వారో, ఎవరు రెండోసారి నవ్వారో నాకిప్పటికీ గుర్తే.

మర్నాడే ఎమ్మిగనూరు బస్సెక్కి, అక్కణ్ణించి ఆటోలో తుంగభద్ర ఒడ్డుకు పోయాను. నది నిండుగా పారుతోంది. పత్తి చేలు తప్ప ఎరగని నా కళ్లకు అవతలి ఒడ్డు ఇంకో దేశంలా కనిపించింది. ఒడ్డున రెండు పుట్లు ఉన్నాయి. పుట్టి అంటే వెదురుతో అల్లి తారు పూసిన గుండ్రటి పడవ, పెద్ద గంప లాంటిది. ఒకదాంట్లో తెడ్డు పట్టుకుని ఒక అవ్వ నిలబడి ఉంది.

"యాడికప్పా?"

"లెక్క రాసుకోవాలవ్వా."

"ఎక్కి రాసుకో. ఒడ్డున కూసుంటే ఏం తెలుస్తాది?"

ఎక్కాను. నాతోపాటు చీరల మూటతో ఒక నేతాయన, నాలుగు మేకలు, పడుకోబెట్టిన మోటారు సైకిలు. నడిమధ్యలో సుడి పుట్టిని గిర్రున తిప్పింది. మేకలతో సహా అందరం ఒకవైపుకు ఒరిగిపోయాం. అవ్వ తెడ్డు ఎత్తేసి, నీళ్లకేసి చూస్తూ, సుడిని తన తిరుగుడు తిరగనిచ్చింది. సరైన క్షణం చూసి ఒకే ఒక్క తోపు తోసింది. బయటపడ్డాం. అంత నీటిచేత మాట వినిపించుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఫారం తీసి, "ఇంజను సామర్థ్యం ఎంతవ్వా?" అని అడిగాను. తన భుజం తట్టి చూపించింది. "ఇంతే రాసుకో. మమ్మల్ని ఇంతవరకూ ఎవరూ రాసుకోల్యా నాయనా. సున్నా మాత్రం పెట్టొద్దు."

పెట్టనని మాటిచ్చాను. పడవల గడిలో గర్వంగా 'రెండు పుట్లు' అని రాసి ఆఫీసులో ఇచ్చాను. సున్నా సార్ కళ్లజోడు సర్దుకుని, "పుట్టంటే వడ్ల కొలత గదప్పా, తప్పు గడిలో రాసినావు" అని నాకు మేలు చేస్తున్నట్టే దిద్ది పంపేశాడు. సరుకు: ధాన్యం, రెండు పుట్లు. పడవలు: సున్నా. పడవలు లేవు గనక ప్రయాణికులూ సున్నా. అంటే, రెండు పుట్ల వడ్లు పడవా మనిషీ లేకుండా, తమంతట తామే తుంగభద్ర దాటాయన్నమాట! ఈ తప్పు దిద్దమని పైవాళ్లకు ఐదు అర్జీలు పెట్టాను. (నకళ్లు నా దగ్గరే ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను.) ఒక్కదానికీ జవాబు లేదు.

తర్వాత ఒకసారి ఆ ఒడ్డుకు పోతే, అవ్వ దూరం నుంచే కేకేసింది. "ఏమప్పా, మమ్మల్ని రాసినారా?"

"రాసినారవ్వా. రెండు పుట్లు అని."

"ఇన్యారా!" అంది పుట్టిలో ఉన్నవాళ్లతో. "మనం గవర్మెంటు లెక్కలో ఉండాం. కుదురుగా కూసోండి."

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. అయినా ఆరో అర్జీ మాత్రం మొన్ననే పెట్టాను.