మెట్టు దిగొద్దని చెప్పిన అక్క

మొన్న మాఘమాసంలో మా ఆడపడుచుగారి అమ్మాయి పెళ్లికి రాజమండ్రి వెళ్లాను. ఫంక్షన్ హాల్లో సంగీత్ అని పెట్టి, డాన్సు చెయ్యడానికి ఎక్కణ్ణుంచో నలుగురు అమ్మాయిలను రప్పించారు. భోజనమయ్యాక చెయ్యి కడుక్కుందామని వెనక్కి వెళ్తే, వాళ్లలో ఒకమ్మాయి జనరేటర్ పక్కన గోడవైపు తిరిగి నిలబడి, జడలో పిన్నులు పెట్టుకుంటూ, వాళ్ల మేనేజరు ఇచ్చిన కాగితమేదో పెదాలు కదుపుతూ చదువుకుంటోంది. అడిగితే చూపించింది. వేళకు రావాలట, ఫోను ముట్టుకోకూడదట, అతిథుల మధ్య కూర్చోకూడదట, ఎవరేమిచ్చినా చేత్తో అందుకోకూడదట. నాకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. ఆ పెళ్లిలో ఉన్న సగం మందికి నేను ఒకప్పుడు రికార్డింగ్ డాన్సర్నని తెలియదు. తెలిసినవాళ్లు ఆ ఊసెత్తరు.

తొంభైల్లో మా గోదావరి జిల్లాల్లో ఏ ఊళ్లో తీర్థమో జాతరో జరిగినా రికార్డింగ్ డాన్సు ఉండాల్సిందే. టేపులో సినిమా పాట మోగుతుంటే స్టేజీ మీద మేం ఆడేవాళ్లం. మీలో చాలామంది మేమెప్పుడూ చూడలేదని అంటారుగానీ, వెనక వరసలో తువ్వాలు కప్పుకుని నిలబడి చూసినవాళ్లు మీలోనే ఉంటారు. మాది కడియం. అమ్మ మొక్కల నర్సరీలో సంచుల్లో మట్టి నింపే కూలి, నేనూ అదే పనికి వెళ్లేదాన్ని. పంతొమ్మిదేళ్లు నిండాక, ఆ మట్టిలో కూర్చోవడం కన్నా ఆడటమే నాకు చేతనవుతుందని అమ్మతో పోట్లాడి మరీ ట్రూపులో చేరాను. అమ్మ మూడు నెలలు నాతో మాట్లాడలేదు.

ట్రూపులో అందరికన్నా పెద్దామెను మేమంతా అక్క అనేవాళ్లం. ముప్పై అయిదేళ్లుంటాయేమో. నల్లగా, సన్నగా, మామూలుగా చూస్తే బడిపంతులమ్మలా ఉండేది. వ్యాను ఎక్కే వేళకు అందరికన్నా ముందు తనే ఉండేది. తన పాటకు ఎంత పేరొచ్చినా, పక్కమ్మాయి పాటలోని ఒక్క అడుగు కూడా తన దాంట్లో కలుపుకునేది కాదు, అది ఒకరి అన్నం లాక్కుని తినడం లాంటిదనేది. ట్రూపు గుట్టు ఊళ్లో, ఊరి గుట్టు ట్రూపులో మాట్లాడనిచ్చేది కాదు. అన్నిటికన్నా గట్టిగా చెప్పే మాట ఒకటే, ఎవరు పిలిచినా, ఏమి చూపించినా స్టేజీ మెట్టు దిగొద్దని.

నేను దిగాను.

గోదావరి మధ్య లంకల్లో ఒక ఊరి తీర్థం. మాకు విడిదిగా రైసుమిల్లు గోడౌను ఇచ్చారు. నాది రెండో పాట. ముందు వరసలో తీర్థం కమిటీ ప్రెసిడెంటుగారి అల్లుడు కూర్చున్నాడు. నోట్లు గుచ్చిన దండొకటి పైకెత్తి ఊపుతూ, రమ్మని పిలుస్తున్నాడు. జనం ఈలలు వేస్తున్నారు. ఆ ఈలలన్నీ నా కోసమేనన్న సంతోషంలో నా కాళ్లు నా మాట వినలేదు. ఆడుతూనే మూడు మెట్లు దిగాను. అతను దండ మెడలో వెయ్యలేదు, నా మణికట్టు పట్టుకుని కుర్చీల్లోకి లాగాడు. నలుగురు కుర్రాళ్లు లేచి చుట్టూ మూగారు. అరిచానో లేదో కూడా నాకు గుర్తు లేదు. ఊరల్లుడు కదా, ఒక్కరూ కదల్లేదు.

పాట ఆగిపోయింది. చూస్తే స్టేజీ మీద అక్క. సగం మొహానికే మేకప్పు ఉంది, జుట్టు ఒకవైపు ముడి, ఒకవైపు విరబోసుకుని ఉంది. అలంకారం పూర్తికానిదే తెర దాటని మనిషి అలాగే వచ్చేసి, మైకు తీసుకుని, గొంతు పెంచకుండా మాట్లాడింది.

“అల్లుడుగారండీ, ఆ చెయ్యి వదిలెయ్యండి. స్టేజీ మీదున్నంతసేపూ మేం డాన్సర్లమండి, ఎంతసేపైనా చూడండి, ఈలలెయ్యండి, కాదనం. కింద నిలబడితే మాత్రం మీ ఊరొచ్చిన ఆడపిల్లలమండి. మీ ఇంటి ఆడపిల్లకి ఏం మర్యాద చేస్తారో మాకూ అదే చెయ్యండి.”

ఆడవాళ్లు కూర్చున్న వైపు నుంచి ఒక ముసలమ్మ, “ఆ అమ్మాయి చెప్పింది నిజమే, వదలవయ్యా బాబూ!” అని కేకేసింది. అప్పుడు ప్రెసిడెంటుగారే లేచి వచ్చి, అల్లుడి చెయ్యి తీయించి, “తప్పయిపోయిందమ్మా” అన్నారు.

నేను ఏడుస్తూ తెర వెనక్కి పరుగెత్తబోయాను. అక్క మైకు పక్కకు తిప్పి నా భుజం పట్టుకుంది. “ఏడిస్తే లోపలికెళ్లాక ఏడు. ఇప్పుడెళ్లిపోతే తప్పు నీదైపోద్ది. పాట పూర్తిచేసి, దణ్ణం పెట్టి రా” అంది.

టేపు మళ్లీ మొదటికి తిప్పించింది. పాట అయ్యేదాకా ఆ సగం మొహంతోనే స్టేజీ మూల నిలబడింది. ఏం ఆడానో నాకు తెలియదు. చివర్న దణ్ణం పెట్టినప్పుడు ఈలలు లేవు, చప్పట్లు మాత్రం వినిపించాయి.

మర్నాడు పొద్దున్న ప్రెసిడెంటుగారి భార్య పళ్లెంలో పసుపు, కుంకుమ, జాకెట్టు ముక్కలు పెట్టుకుని గోడౌనుకు వచ్చారు. అంతకు ముందు రోజు మాకు భోజనాలు పెట్టించినవాళ్లు వాకిలి దాటి లోపలికి రమ్మనలేదు. ఆవిడ మా అందరికీ వరసగా బొట్టు పెట్టారు. స్టేజీ మీద ఎవరి చేతి నుంచీ ఏదీ అందుకోని అక్క, ఆ గుడ్డముక్కకు మాత్రం తల వంచి కొంగు పట్టింది. నన్నయితే తిట్టలేదు. వ్యానులో పక్కన కూర్చోబెట్టుకుని, “ఆ వయసులో పిలిస్తే వెళ్లాలనిపిస్తాదే” అని మాత్రం అంది.

తరవాత ఏడేళ్లు ఆమె పక్కన ఆడాను. నా పెళ్లి కుదిరినప్పుడు, దాచకుండా అన్నీ చెప్పి చేసుకోమంది, అలాగే చేసుకున్నాను. మోకాళ్లు అరిగి ఆట మానేశాక అక్క ఉప్పాడలో చెల్లెలి దగ్గరకు వెళ్లిపోయింది. కొన్నేళ్లకు వెతుక్కుంటూ వెళ్తే ఆ ఇల్లే కాదు, ఆ వీధే అలల కోతకు సముద్రంలో కలిసిపోయి ఉంది. వాళ్లెటు వెళ్లారో చెప్పగలిగినవాళ్లు దొరకలేదు.

ఇప్పుడు ఆ ట్రూపులూ లేవు, ఆ స్టేజీలూ లేవు. డాన్సు చేసే పిల్లల్ని ఏసీ గదుల్లో కూర్చోబెడుతున్నారు, మంచిదే. ఇంట్లోవాళ్లే వాళ్ల ఫొటోలు నలుగురికీ చూపించుకుంటున్నారు, అదీ మంచిదే. నాకు మిగిలిన దిగులు వేరు. ఈ కట్టుబాట్లన్నీ నీకెవరు నేర్పారక్కా అని నేను ఒక్కసారీ అడగలేదు. ఎవరో గురువు ఉండే ఉంటారనుకున్నాను. ఈ వయసులో తెలుస్తోంది, ఎవరూ నేర్పి ఉండరు. నాలాగే ఆమె కూడా ఒకప్పుడు మెట్లు దిగి ఉంటుంది, ఆ రోజున మైకు పట్టుకోవడానికి పైన ఎవరూ లేకపోయి ఉంటారు.