చివరి గుర్తు పీకిన పెద్దమనిషి

ఆఫీసులో ఆవిణ్ని అందరూ చాదస్తం అక్క అంటారు. ఇంకా తయారవని ప్రాసెసర్‌ని కంప్యూటర్లో నమూనాగా నడిపి, ఎంత వేగంగా పనిచేస్తుందో చెప్పడం ఆవిడ పని. అసలు చిప్‌లో రెప్పపాటులో అయ్యేది నమూనాలో రోజంతా పడుతుంది. ప్రోగ్రాంలో అసలు పని మొదలయ్యేచోట ఒక గుర్తు, ముగిసేచోట ఒక గుర్తు పెడుతుంది. కొలత ఆ రెండింటి మధ్యే. ముందు ఫైళ్లు చదవడం, తర్వాత ఫలితాలు రాయడం లెక్కలోకి రావు. గోనెసంచితో కలిపి బియ్యం తూచే రకం కాదు ఆవిడ.

పెద్దసారున్నాడే, ఆయన దారి వేరు. పదేళ్లుగా కీబోర్డు ముట్టని మహానుభావుడు. తన కొత్త డిజైన్ పాతదానికంటే ముప్పై శాతం వేగమని డైరెక్టరమ్మ దగ్గర ముందే కోతలు కోశాడు. అక్క కొలిస్తే తేలింది ఒక్క శాతం. గుర్తులు కాస్త అటూ ఇటూ జరపమ్మా అని బతిమాలాడు. వినకపోతే, నీ కాంట్రాక్టు ఈ వారంతో సరి కదా అని గుర్తుచేశాడు. మొగుడికి ఆర్నెల్లుగా పనిలేదు, ఇద్దరు పిల్లలు, ఇల్లు గడిచేది ఈవిడ జీతం మీదే. అయినా జరపనంది.

సరే, ఆయనే కూర్చున్నాడు. పాత చిప్ కొలతలో చివరి గుర్తు పీకేశాడు. ఇంకేముంది, కొలత ఆగలేదు. ఫలితాలు రాసే సమయమంతా పాతదాని నెత్తిన పడి, కొత్తది ఏకంగా రెట్టింపు వేగమని తేలింది. ముప్పై అనుకుంటే ఇంత వచ్చిందేమిటని అనుమానమైనా రావాలా? ఆ బుర్రకి రాలేదు. మురిసిపోయి మీటింగుకి పట్టుకెళ్లాడు.

పాత చిప్ బల్లమీదే ఉంది కదా, నడిపి చూద్దామంది డైరెక్టరమ్మ. చిప్‌కి పడుతుందని కాగితంలో రాసిన సమయంలో సగానికే అది అసలు పని ముగించింది. పెద్దసారు తడుముకోలేదు. కొలిచింది ఈవిడేనండీ అని అక్కవైపు వేలు చూపించాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి.

అక్క లేచింది. "రెండు గుర్తులూ నేనే పెట్టాను మేడమ్. ప్రోగ్రాంలో ఏ వరస ఎవరు మార్చినా కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. చివరిది ఎవరు తీశారో, వాళ్ల పేరు ఆ వరస పక్కనే ఉంటుంది."

తెర మీద చూశారు. ఉంది, తేదీతో సహా.

ఆవిడ కాంట్రాక్టు ఏడాది పొడిగించమని డైరెక్టరమ్మ అక్కడికక్కడే చెప్పింది. కాగితం రాయాల్సింది మాత్రం పెద్దసారే. సాయంత్రం తలెత్తకుండా తెచ్చిచ్చాడు. అక్క సంతకం పెట్టబోయి, ఎప్పట్నుంచి, ఎప్పటిదాకా అన్నచోట చూసింది.

"ఇక్కడా చివరిది వదిలేశారు సార్," అని కాగితం వెనక్కి తోసింది.